కేబిన్ బ్యాగు కాటా గారికి ఒక ఫొటోగ్రాఫర్ విన్నపం

మహారాజశ్రీ కేబిన్ బ్యాగు కాటా గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి మీకు కారణం కూడా ఏమీ లేదు. బరువు మోసేది మేము, అంకె చూపించేది మీరు.

మా వీధి చివర కూరగాయల బండి మీదుండే తూకం మిషన్‌కి కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. అసలు కిలో అంటే ఎంత అన్న విషయం మీద ప్రపంచంలో పెద్ద కసరత్తే జరిగింది. ప్యారిస్ పక్కన గాజు మూతల కింద దాచుకున్న ప్లాటినం–ఇరిడియం దిమ్మెకు రిటైర్మెంట్ ఇచ్చి, 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం అనే ఎప్పటికీ మారని అంకెను పట్టుకుని కిలోను నిర్వచిస్తున్నారు. శాస్త్రవేత్తలు అంత తంటాలు పడ్డారు. విమానంలోకి వెంట తెచ్చుకునే బ్యాగు ఏడు కిలోలు దాటకూడదంటారు. మీ దగ్గర మాత్రం ఆ ఏడు కిలోలంటే ఎంతో కౌంటర్లో కూర్చున్నవాళ్ల మూడ్‌ని బట్టి తేలుతుంది. తెల్లవారుజామున సగం ఖాళీగా వెళ్లే విమానానికి ఏడంటే తొమ్మిది. పండగ ముందు కిక్కిరిసిన విమానానికి ఏడంటే ఆరున్నరే.

ఇక మా గోడు వినండి. అస్సాంలోని కాజీరంగా అడవిలో ఖడ్గమృగాన్ని ఫొటో తీయాలంటే, దగ్గరికి వెళ్లి "అయ్యా, కాస్త ఇటు తిరగండి" అనడం కుదరదు. జీపు దిగనివ్వరు, దిగమన్నా మనం దిగం. అందుకని పొడుగు లెన్సు కావాలి. సోనీ 200–600 లెన్సు ఒక్కటే 2,115 గ్రాములు. దాన్ని తగిలించే ఏ7 ఫోర్ కెమెరా బాడీ 658. ఖడ్గమృగం జీపు పక్కకే వచ్చి నిలబడితే పొడుగు లెన్సులో దాని చెవి మాత్రమే పడుతుంది కాబట్టి పొట్టి లెన్సు 24–70 ఒకటి, 695 గ్రాములు. ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కు, ఛార్జర్లు, బ్యాటరీలు. అన్నీ కలిపినా ఐదున్నర, ఆరు లోపే. మీ మాట దాటలేదు చూశారా?

దాటించేది బ్యాగు. చక్రాలు, లాగుడు కడ్డీ, నాలుగు వైపులా మందపాటి స్పాంజి ఉన్న కెమెరా ట్రాలీ ఖాళీగానే మూడున్నర నుంచి నాలుగు కిలోలు తూగుతుంది. కెమెరాను కాపాడ్డానికి కొన్న బ్యాగు కెమెరాను ఇంట్లోనే వదిలేసి రమ్మంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మామూలు వీపు బ్యాగు ఒకటి కొని, లోపల విడిగా దొరికే స్పాంజి అరలు పెట్టుకుంటారు. బయటికి ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడి బ్యాగులా ఉంటుంది. దొంగల కన్ను పడదు, మీ కన్ను అంతకన్నా పడదు. ట్రాలీ అయితే నేల మీద దొర్లుతూ వచ్చి నేరుగా మీ ఒళ్లోనే కూర్చుంటుంది.

"అంత బరువైతే చెక్-ఇన్‌లో వేసేయండి సార్" అంటారు మీ పక్కన నిలబడే అమ్మాయి, చాలా మర్యాదగా. వేసేవాళ్లమే. కానీ టికెట్ షరతుల్లో చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో మాట ఉంటుంది: కెమెరాల్లాంటి ఖరీదైన, పగిలే వస్తువులు చెక్-ఇన్‌లో పెట్టకండి, పెడితే మాకు సంబంధం లేదు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులైతే అసలు కింద వేయనే కూడదు. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే కేబిన్‌లో ఎవరో ఒకరు చూసి ఆర్పుతారు, కింద సామాన్ల గదిలో చూసే నాథుడు ఉండడు. ఈ ఒక్క రూలు మాత్రం నూటికి నూరు పాళ్లు న్యాయం, దీని మీద నేను వేళాకోళం ఆడను. విడి బ్యాటరీల కొసలకు టేపు వేసి తీసుకెళ్తాను. నా పవర్ బ్యాంకు 20,000 ఎంఏహెచ్, దాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు, విమానంలోకి రానిచ్చే 100 హద్దు లోపలే. దాని మీద ముద్రించిన అంకె అరిగిపోతే మాత్రం సెక్యూరిటీ దగ్గర ఈ గుణకారాలు, భాగహారాలు ఎవరూ వినరు. ఆ అంకె చెరగకుండా చూసుకోవాలి.

సరే, లెన్సు కింద వేయొద్దు, పైకి తేవొద్దు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండు లక్షలు మింగిన లెన్సు పట్టుకుని మధ్యలో మేము.

ఇక్కడే మీ మహిమ ఒకటి కనిపెట్టాం. బ్యాగులో ఉన్నంతసేపే లెన్సుకు బరువు ఉంటుంది. మెడలో వేసుకుంటే ఉండదు. జేబులో పెట్టుకుంటే ఉండదు. న్యూటన్‌కు కూడా తట్టని సంగతి. మొన్న మార్చి ఎండల్లో శంషాబాద్‌లో నా ముందున్న పెద్దమనిషి ఉన్ని జాకెట్ వేసుకుని నిలబడ్డాడు. మీరు 9.4 చూపించారు. ఆయన నవ్వుతూ పక్కకు జరిగి, బాడీ తీసి మెడలో వేసుకున్నాడు. చిన్న లెన్సు ఎడమ జేబులోకి, ఛార్జర్ కుడి జేబులోకి, ల్యాప్‌టాప్ చంకలోకి పోయాయి. చెమట కనుబొమల మీదుగా కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మళ్లీ తూచారు, 6.8. ట్యాగు కట్టారు. ఆయన నాలుగడుగులు వేసి, ఖాళీ కుర్చీ మీద బ్యాగు తెరిచి, అన్నీ ఎక్కడివక్కడ సర్దేశాడు. కౌంటర్లో అమ్మాయి చూస్తూనే ఉంది. ఆయన, ఆయన 9.4 కిలోలు, నేను అందరం ఒకే విమానంలో వెళ్లాం. అది బాగానే ఎగిరింది.

మీ దయ వల్ల కంపెనీలకు కూడా వ్యాపారం బాగుంది. సోనీ పాత 70–200 లెన్సు 1,480 గ్రాములు, కొత్తది 1,045. ఆ 435 గ్రాములు తగ్గించుకోవడానికి రెండు లక్షలకు పైనే పెట్టాలి. అంతకు పదింతలు నా నడుము చుట్టూ ఉంది, కానీ దాన్ని మీరు తూచరు కదా, తగ్గించి ప్రయోజనం? పైగా కెమెరా లోపలి అద్దం తీసేశాం, తేలికైపోయింది అని ఊరించి అమ్మారు. 2013లో వచ్చిన మొదటి ఏ7 నిజంగానే 474 గ్రాములు. 2021లో వచ్చిన ఏ7 ఫోర్ దగ్గరికి వచ్చేసరికి 658 అయింది. కెమెరాలకు కూడా వయసు మీద పడితే ఒళ్లొస్తుందన్నమాట.

ట్రైపాడ్ సంగతి మీకు చెప్పి విసిగించను. కెమెరా బిగించే దాని తల విప్పేసి, బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్‌లో వేసేస్తాం. జీపులో దానికి చోటే ఉండదు, అక్కడ కావలసింది గింజల సంచి. దీని విషయంలో మాత్రం మిమ్మల్ని చక్కగా బోల్తా కొట్టించాం. వెళ్లేటప్పుడు ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకుంటాం. దిగిన ఊళ్లో కిరాణా కొట్టుకు వెళ్లి రెండు కిలోల బియ్యం కొని నింపుతాం. జీపు కమ్మీ మీద వేసి లెన్సు ఆనిస్తే గుడిలో నందిలా కదలకుండా కూర్చుంటుంది. చివరి రోజు బియ్యం డ్రైవర్ అన్నకు ఇచ్చేస్తాం.

మిమ్మల్ని దాటుకుని వచ్చినా గండం గడిచినట్టు కాదు. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ విమానాల్లో తల మీది అరలు ఇరుకు. మెట్ల దగ్గర ఒకాయన నిలబడి "ఇది పైన పట్టదు, ఇలా ఇచ్చేయండి" అంటాడు. అప్పుడు బ్యాగు విప్పి బేరాలాడే టైము ఉండదు. అందుకే బాడీ, పొడుగు లెన్సు, బ్యాటరీలు అన్నీ లోపల ఒకే చిన్న సంచిలో ఉండాలి. ఒక్క గుంజు గుంజి అది చేతిలోకి తీసుకుని, మిగతా బ్యాగు ఆయనకు సమర్పించాలి. ఈ పని లైట్లు ఆర్పేసి ఇంట్లో ప్రాక్టీస్ చేసినవాళ్లు నాకు తెలుసు.

రైలెక్కొచ్చుగా అంటారేమో. స్లీపర్‌లో 40 కిలోలు, ఏసీ టూ టైర్‌లో 50 కిలోలు ఉచితం, అది కూడా ఎవరూ తూచరు. కానీ సికింద్రాబాద్ నుంచి గువాహటికి దాదాపు రెండు రోజులు. మా ఆఫీసులో సెలవుల్ని తూచే కాటా మీకన్నా కఠినం.

కాబట్టి నా విన్నపం ఇది. తూస్తే అందరినీ తూచండి. బ్యాగుతోపాటు జాకెట్లు, జేబులు, మనుషుల్ని కూడా ఎక్కించి తూచండి, అప్పుడు తేల్చుకుందాం. వద్దులెండి, ఈ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఆవిడ చేతి వంట మీకు తెలియదు.

ఇట్లు,
మీ ముందు బ్యాగును చిటికెన వేలితో ఎత్తినట్టు నటించే
ఒక విధేయుడు

తా.క.: వచ్చేటప్పుడు అస్సాం టీ పొడి రెండు కిలోలు తెమ్మన్నారు మా అత్తగారు. అది బ్యాగులో పెట్టి లెన్సు మెడలో వేసుకోవాలా, లెన్సు బ్యాగులో పెట్టి టీ పొడి మెడలో వేసుకోవాలా అన్నది మీరే సెలవివ్వాలి.