మంగుగారికి, ఉభయకుశలోపరి

శ్రీమతి మంగుగారికి,
కుడి చెంప, ఎడమ చెంప, పై పెదవి.

నమస్కారములు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మనకి ఇక్కడా అక్కడా ఒకటే. అద్దం ముందు నిలబడితే ఇద్దరి యోగక్షేమాలూ ఒక్కసారే తెలిసిపోతాయి. తమరు దివ్యంగా ఉన్నారు. నేనే అంతంతమాత్రం.

నిన్న తెనాలిలో, మా అన్నయ్య కూతురి పెళ్ళిలో, పంక్తిలో కూర్చున్నాను. బూరెకి చిల్లు పెట్టాను, నెయ్యి గిన్నె నా దాకా వస్తోంది. ఎదురు వరసలోంచి మా పెద్దమ్మ, అటు వంటవాళ్ళకి కూడా వినపడేలా, "ఏమే, మళ్ళీ వచ్చిందా?" అంది. ఏది వచ్చిందో ఎవరూ అడగలేదు. పుట్టింటికొచ్చిన ఆడపడుచుని పలకరించినట్టు పంక్తి పంక్తంతా నా బుగ్గల మీది మంగు మచ్చల వైపు తిరిగింది. నెయ్యి గిన్నె నన్ను దాటి వెళ్ళిపోయింది.

"ఉగాదికి పోయిందన్నావుగా!"

అన్నానండీ. మీరు వెళ్ళిపోయారని నమ్మి, ఊరంతా చెప్పుకున్నాను. అదే నేను చేసిన పాపం.

నేను లెక్కల టీచర్ని. కాబట్టి లెక్క వినండి. నవంబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలు, అంటే దగ్గర దగ్గర 150 రాత్రులు తమరి సేవలో గడిపాను. తరవాత శుభలేఖలు పంచడానికి మే ఎండలో బెజవాడంతా స్కూటీ మీద పది రోజులు, పెళ్ళి పందిట్లో మూడు రోజులు, వెరసి 13 పగళ్ళు. 150ని 13తో భాగించండి. నేను పదకొండున్నర రాత్రులు కూడబెట్టింది ఒక్క పగట్లో ఊడ్చేశారు. ఏ బ్యాంకులో ఉందండీ ఈ వడ్డీ రేటు?

మొదట్లో మీ గురించి ఇలా చెప్పలేదు. రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు వచ్చారు. "ఒంట్లో హార్మోన్లమ్మా, కాన్పయ్యాక అదే పోతుంది" అన్నారు. కొందరికి పోతుందట కూడా. మావాడికి మీసాలొచ్చాయి, ఇంటర్ రెండో సంవత్సరం. కాన్పు అయ్యిందని మీకు కబురందినట్టు లేదు. మంగు శని, పొంగు శని, మరణ శని అని మూడు దఫాలుగా పట్టే ఏల్నాటి శని కూడా పట్టిన ప్రతిసారీ ఏడున్నరేళ్ళకి లెక్కగా లేచి వెళ్ళిపోతాడు. ఆయనకున్న పాటి మర్యాద ఆయన పేరు పంచుకున్న మీకు లేకపోయె.

మధ్యలో నేను చేయనిది లేదు. జాజికాయ పాలలో అరగదీసి రాశాను. నిమ్మరసం రాసి మంటపుట్టి, ఆ మంట పుట్టిన చోటల్లా కొత్త మచ్చ తెచ్చుకున్నాను. శనగపిండి పెట్టి రుద్దిన కొద్దీ మీరు తోమిన ఇత్తడి చెంబులా తేలారు. ఒకసారి మెడికల్ షాపు కుర్రాడు ఏదో ట్యూబు చేతిలో పెట్టి "అందరూ ఇదే వాడతారు మేడమ్" అన్నాడు. రెండు వారాల్లో అద్భుతం! మూడో నెలకి చెంపలు ఎర్రబడి, మొటిమలు లేచి, గడ్డం మీద నూగొచ్చింది. అందులో స్టెరాయిడ్ ఉందని తరవాత తెలిసింది. ఒంటికి రాసుకునే ఆ రకం స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఉత్తర్వు వేసింది. ఆ కుర్రాడి కౌంటరు దాకా ఆ ఉత్తర్వు ఇంకా నడిచి రాలేదు. ఇంకో చోట "శాశ్వత పరిష్కారం" అని ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ అంటగట్టారు. మనలాంటి చామనఛాయ చర్మం మీద ఆ వేడికి మంగు ఇంకా రేగొచ్చని, పైపూతలూ ఎండ జాగ్రత్తా అయ్యాక గానీ అక్కడికి వెళ్ళకూడదని ఐదో సిట్టింగు అయ్యాక తెలిసింది. ఆరోది ఉచితం అన్నారు. వద్దన్నాను.

నవంబర్లో ఒక డాక్టరమ్మ దొరికింది. నిజం చెప్పిన మొదటి మనిషి. "తగ్గుతుంది, పోదు" అంది. నేను మొదటి మాట విన్నాను, రెండోది వినలేదు. పిల్లలు కూడా నా క్లాసులో ఇదే చేస్తారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన లెక్కలో రాస్తాను. చర్మం పై పొర ఇంచుమించు నెలకోసారి రాలి కొత్తది వస్తుంది, క్రీములు పని చేసేకొద్దీ దాంతోపాటు రంగూ దిగుతుంది. అది బోర్డు తుడవడం. కానీ ఆ రంగు తయారుచేసే మెలనోసైట్లు పొర అడుగున ఎక్కడివక్కడే కూర్చుని ఉంటాయి. తప్పు ఎక్కం బట్టీపట్టిన పిల్లాడి లాంటివి, బోర్డు ఎన్నిసార్లు తుడిచినా సుద్దముక్క చేతికిస్తే మళ్ళీ అదే రాస్తాయి. ఏళ్ళ తరబడి ఎండకి కమిలిన అడుగు పొర, అక్కడ పెరిగిన సన్న రక్తనాళాలు పక్కన కూర్చుని "రాయి, రాయి" అని ఎగదోస్తుంటాయి. సుద్దముక్క అందించేది ఎండ. రంగు మరీ లోపలి పొరలోకి దిగితే తుడుపుగుడ్డ కూడా అందదు.

మూడు మందులు కలిసిన క్రీము రాసింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, కొంచెం స్టెరాయిడ్. కుర్రాడి స్టెరాయిడ్‌కీ దీనికీ తేడా గడువు. "పన్నెండు వారాలు. ఆ తరవాత నాకు కనబడకుండా ఒక్క రాత్రి రాశావో, చూడు!" హైడ్రోక్వినోన్ ఏళ్ళకేళ్ళు పూస్తే నీలం-నలుపు మచ్చ కొత్తగా పడుతుందట, దాన్ని వదిలించుకోవడం మిమ్మల్ని వదిలించుకోవడం కన్నా కష్టమట. దాంతోపాటు మాత్ర. చీటీ చూసి నవ్వొచ్చింది. మూడేళ్ళ కిందట నెలసరి ఎక్కువైతే ఇచ్చిన ట్రానెగ్జామిక్ యాసిడే! 250 మిల్లీగ్రాములు, రోజుకు రెండు. 1979లో జపాన్‌లో ఎవరికో దద్దుర్లకని ఇస్తే మంగు తగ్గిందని గమనించారట. మీ గుట్టు కూడా ఒకరు వెతుకుతుంటే దొరికింది కాదన్నమాట. రక్తం గడ్డకట్టే జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉందా, గర్భం రాకుండా మాత్రలేమైనా వాడుతున్నావా అని పోలీసు విచారణంత చేసి గానీ రాయలేదు.

తరవాత సన్‌స్క్రీన్. చూపుడు వేలు, మధ్య వేలు నిండా పిండి, మొహానికీ మెడకీ, బయటుంటే రెండు మూడు గంటలకోసారి. పూటకి గ్రాము చొప్పున మూడు పూటలు వేసుకున్నా 50 గ్రాముల ట్యూబు 17 రోజులు రాదు. ఇంట్లో పాలకన్నా దీని ఖర్చు ఎక్కువైంది. సరే, రాసుకున్నాను. అప్పుడు తెలిసింది, మీకు ఎండ ఒక్కటే చాలదని. కంటికి కనబడే మామూలు వెలుతురు కూడా మీకు ఆహారమేనట! అది ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీనే కావాలి. స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ కోసం పదేళ్ళు ఎదురుచూశాను. కిటికీ అద్దం ఎండలో ఒక రకం కిరణాలనే ఆపుతుందని, యూవీఏ అనే ఇంకో రకం దర్జాగా లోపలికొస్తుందని తెలిసి ఆ కుర్చీని సోషల్ మేడమ్‌కి దానం చేశాను. పొయ్యి వేడి కూడా పడదన్నారు. మా ఇంట్లో వంట ఎవరు చేస్తారో మీకు తెలుసు, రోజూ నాతోపాటే వస్తారుగా.

ఇన్ని చేసి, ఉగాదికి అద్దంలో నా మొహం నాకు కనబడితే, అన్నీ ఆపేశాను. ఆపాక కూడా రాసుకోమని డాక్టరమ్మ అజెలాయిక్ యాసిడ్ క్రీము ఇచ్చింది, సీలు విప్పలేదు. పెళ్ళిలో మేకప్ పిల్ల "ఫౌండేషన్లో ఎస్‌పీఎఫ్ ఉంటుంది మేడమ్" అంటే తలూపాను. రెండు వేళ్ళ నిండా పూయాల్సినచోట పలచగా అద్దిన ఫౌండేషన్ ఏం ఆపుతుంది? తప్పు నాదీ ఉంది. ఒప్పుకుంటున్నాను.

అయినా పదమూడు రోజులా? ఐదు నెలలకి పదమూడు రోజులా? కాస్త ఆగలేకపోయావా? ఒక్క పెళ్ళి, ఒక్క పంక్తి, ఆ బూరె తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగలేకపోయావా? మా పీఈటీ మాస్టారికి కణతల నుంచి దవడల దాకా నువ్వే ఉన్నావు. ఆయన్ని ఇరవై ఏళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "మళ్ళీ వచ్చిందా" అని అడగలేదు. నన్నే ఎందుకు అడుగుతారు? ఎండలో అసెంబ్లీకి ఇద్దరం పక్కపక్కనే నిలబడతాం. సిగ్గులేని దానా, నీ మొహం మండా అని నోటిదాకా వస్తుంది. ఆ మొహం నాదే అయి చచ్చింది.

అమ్మకీ నువ్వే ఉన్నావు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఉంటే పిల్లలకీ రావచ్చంది డాక్టరమ్మ. అమ్మ పోయాక కాసులపేరు పెద్దొదినకి, గాజులు చిన్నొదినకి వెళ్ళాయి. నా వాటాకి నువ్వు వచ్చావు. అన్నయ్యలెవరూ నీ మీద దావా వెయ్యలేదు.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాను, తిట్లు తినడానికి. ఈసారి "పోయిందా?" అని అడగను. బీపీ ఉన్నవాళ్ళు బీపీ పోయిందా అని అడగరు కదా. బడి తెరిచాక గొడుగేసుకునే అసెంబ్లీకి నిలబడతాను. హెడ్మాస్టరు గారు ఏమైనా అంటే పీఈటీ మాస్టారికి కూడా ఒక గొడుగు ఇప్పించమంటాను.

ఇట్లు,
మీ మొహం

తా.క.: పొద్దున ఫొటోగ్రాఫరు పెళ్ళి ఫొటోలు నాలుగు వాట్సాప్‌లో పంపాడు. అడక్కుండానే నిన్ను పూర్తిగా తుడిచేశాడు. గుడ్డు పెంకులా నున్నగా ఉన్నాను. పెద్దమ్మ చూసి "ఇదెవరే?" అంది. ఆ నవ్వులో ఎక్కడా అమ్మ లేదు. ఉన్నది ఉన్నట్టే పంపమని అతనికి ఫోన్ చేశాను. దీన్ని చూసి పొంగిపోకు, సన్‌స్క్రీన్ రాసుకునే చేశాను.