పీఆర్వోలకూ ఒక బీఈడీ కావాలి

పోయిన జనవరిలో ఒక ఆదివారం, పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగింది. "సార్, మీ బాబు టెన్త్ కదా, ఇంటర్‌కి ఎక్కడ అనుకుంటున్నారు?" అని ఒకమ్మాయి అడిగింది. "మా బాబు నాలుగో తరగతమ్మా" అన్నాను. టెన్త్ చదివేది మా అమ్మాయి అని చెప్పబోయేలోగా "సారీ సార్" అని పెట్టేసింది.

నాకు చాలా బాధేసింది. ఆదివారం నిద్ర పోయినందుకు కాదు. అంత పెద్ద కాలేజీ, ఏ స్కూలు ఆఫీసులోనో మా నంబరు సంపాదించి, ఇద్దరు పిల్లలున్న తండ్రిని చేతికి దొరకబుచ్చుకుని కూడా వదిలేసిందే అని. శిక్షణ ఉన్న మనిషైతే ఏమనేది? "నాలుగా సార్? కరెక్ట్ టైముకి దొరికారు. ఆరో తరగతి నుంచి మాకు ఐఐటీ ఫౌండేషన్ ఉంది, అడ్వాన్స్ కడితే ఇప్పటి ఫీజే ఉంటుంది" అనేది. నేను కూడా పక్క మీదే లేచి కూర్చుని, రెండేళ్లు ఆలస్యం చేశానేమోనని టెన్షన్ పడేవాణ్ని.

లోపం ఆ అమ్మాయిది కాదు, వ్యవస్థది. మన దగ్గర పిల్లలకు పాఠాలు చెప్పాలంటే బీఈడీయో డీఈడీయో చేయాలి, టెట్ పాసవ్వాలి, డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. బస్సు తోలాలంటే హెవీ లైసెన్సు కావాలి. లక్షన్నర ఫీజుకు ఒక కుటుంబాన్ని ఒప్పించి పిల్లాణ్ని కాలేజీలో చేర్పించాల్సిన మనిషికి, అదే పీఆర్వోకి మాత్రం ఒక పాంప్లెట్ల కట్ట, పెట్రోలు డబ్బులు, ఒక టార్గెట్ చేతిలో పెట్టి ఎండలోకి తోలేస్తున్నారు. ఇది జాతికి మంచిది కాదు.

ఈ కొరత ఇవాళ్టిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక పొలాల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచాయి. సీటు కోసం పిల్లాడు తిరిగే రోజులు పోయి, పిల్లాడి కోసం సీటు తిరిగే రోజులొచ్చాయి. తిరగడానికి సీటుకు కాళ్లుండవు కాబట్టి లెక్చరర్ల కాళ్లు వాడుకున్నారు. అప్పటి నుంచీ ఆ కాళ్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

అందుకే రెండు రాష్ట్రాల్లోనూ అడ్మిషన్ సిబ్బంది కోసం ఒక శిక్షణ కళాశాల పెట్టాలని వినయంగా ప్రతిపాదిస్తున్నాను. గెస్ట్ ఫ్యాకల్టీకి కొదవ లేదు. పెళ్లిళ్ల పేరయ్యలున్నారు. అబ్బాయికి పొడుగు తక్కువైతే "వాళ్ల నాన్నగారు ఆజానుబాహువండీ" అని తప్పుకోగల విద్వాంసులు. వాళ్ల వృత్తికి శాస్త్ర సమ్మతి కూడా ఉంది. ఏయే సందర్భాల్లో బొంకవచ్చో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిన జాబితాలో పెళ్లి విషయాలు ఉన్నాయి. అడ్మిషన్లు లేవు. అప్పటికి మేనేజ్‌మెంట్ కోటా లేదు కదా, పాపం ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

సిలబస్‌లో లెక్కలకు పెద్దపీట వేయాలి. ప్యాకేజీల లెక్క చూడండి. పదిమంది పిల్లల్లో ఒకడికి 40 లక్షల ఉద్యోగం, తొమ్మిదిమందికి 3 లక్షల చొప్పున వచ్చిందనుకుందాం. మొత్తం 67 లక్షలు, సగటు 6 లక్షల 70 వేలు. శిక్షణ లేని పీఆర్వో సగటు చెప్పి ఊరుకుంటాడు. కాస్త తెలిసినవాడు 40 లక్షల వాడి ఫొటోను ఊరి పొలిమేరలో హోర్డింగ్ ఎక్కిస్తాడు. మధ్యలో నిలబడ్డ పిల్లాడికి ఎంతొచ్చిందో చెప్పేదాన్ని మీడియన్ అంటారు, ఇక్కడ అది మూడు లక్షలు. ఢిల్లీ వాళ్లు కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం అడిగేది ఆ అంకెనే. దాన్ని ఫారంలో నింపి, ఇంటికొచ్చేసరికి మరిచిపోవడం ఎలాగో రెండో సెమిస్టర్లో నేర్పాలి. ఇక ఉద్యోగమే రాని పిల్లలను "ప్లేస్‌మెంట్ కోరుకోని వాళ్లు" అనాలన్నది ఆనర్స్ వాళ్లకు మాత్రమే చెప్పే పాఠం.

తర్వాత భూగోళం. "హైదరాబాద్‌కు కూతవేటు దూరం" అని బ్రోచర్‌లో వేస్తారు. ఆ కూత ఎవరిదో తెలియదు గానీ గొప్ప గొంతు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును ఒకచోట దాటి, ఆపైన కాలేజీ బస్సులో ఒక కునుకు తీసి లేచినా ఇంకా క్యాంపస్ రాదు. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం అనాగరికం.

చట్టం మీద ఒక పేపర్ తప్పనిసరి, ఎందుకంటే ప్రభుత్వాలు ఊరికే ఉండవు. పదహారేళ్లు నిండని పిల్లలను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని, ర్యాంకులకు హామీలివ్వొద్దని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. శిక్షణ లేనివాడు ఇది విని భయపడతాడు. ఉన్నవాడు కోచింగ్ అనే మాటే ఎత్తకుండా "ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్" అంటాడు. అదే ఏడాది నవంబరులో వినియోగదారుల రక్షణ సంస్థ మరో మెలిక పెట్టింది, ర్యాంకు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో వాడాలట. ఒకే పిల్లాడు ఒకే రోజు పేపర్లో రెండు సంస్థల ప్రకటనల్లో రెండు రంగుల టైలతో నవ్వుతూ కనిపించడం మనం చూసిందే. ఒకడు రెండు చోట్ల చదివాడంటే అది ఆ పిల్లాడి కష్టజీవితానికి నిదర్శనమని ఎందుకు అనుకోరు? నోటిఫికేషన్ రాకుండా అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు హెచ్చరించడం మామూలే. దానికి విరుగుడు తేలిక: చేసేది అడ్మిషన్ కాదు, "సీట్ బ్లాకింగ్". ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అవి మన దగ్గర ఉన్నది "సేఫ్ కస్టడీ" కోసమని చెప్పాలి. పిల్లలు పారేసుకుంటారు కదా!

ఇంజనీరింగ్ వైపు అవసరం ఇంకా ఎక్కువ. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా 70 శాతం సీట్లకు వెబ్ ఆప్షన్లుంటాయి. పిల్లల ఇళ్లకెళ్లి "మీ పాస్‌వర్డ్ ఇవ్వండి, ఆప్షన్లు మేమే పెట్టేస్తాం" అని సేవ చేయాలి. అధికారులేమో పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దంటారు. ఆతిథ్యం తెలియని మనుషులు. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా సంగతి గది తలుపు వేశాక మాట్లాడాలి. బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఎత్తేసింది. ఇంకేం, కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు అక్షరాలు చాలనంతగా పెరిగాయి. సివిల్, మెకానికల్ ప్రొఫెసర్లు బస్టాండుల్లో పాంప్లెట్లు పంచుతున్నారు. కాంక్రీటును 28 రోజుల బలంతో లెక్కగట్టాలని ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిని, తల్లిదండ్రులను మూడు రోజుల్లో గట్టిపరచమంటే ఎలా? ఆయనకు బ్రిడ్జి కోర్సు కావాలి. బ్రిడ్జి అంటే ఆయనకు వేరే అర్థం తెలుసు, అది వేరే సంగతి.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఒక ఫిజిక్స్ మాస్టారు వచ్చారు. యాభై దాటిన మనిషి. హెల్మెట్ తీస్తే తల మీద నుంచి చెమట ధారలుగా కారింది. మా ఆవిడ మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగి, మూడోది వద్దనడానికి మొహమాటపడ్డారు. తనకు ఇరవై అడ్మిషన్ల టార్గెట్ ఉందని, అవి అయితేనే వేసవి జీతమని ఆయనే చెప్పేశారు. ఇది మొదటి తప్పు. బేరానికొచ్చినవాడు ఆకలి చెప్పుకోకూడదు.

"హాస్టల్ ఎలా ఉంటుంది మాస్టారూ?" అన్నాను. "గదికి ఎనిమిదిమంది సార్. పొద్దున బాత్రూం దగ్గర లైను ఉంటుంది" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆయన ఆపలేదు, స్టడీ అవర్స్ రాత్రి పదిన్నర దాకా ఉంటాయని, పిల్లలు పుస్తకం మీదే నిద్రపోతారని, లేపడానికి తనకు మనసు రాదని కూడా చెప్పారు. ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పి చెప్పి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు పట్టుకుంది పాపం.

అక్కడితో ఆగినా బాగుండేది. వెళ్తూ వెళ్తూ మా అమ్మాయిని పిలిచి, "నీకేం ఇష్టం తల్లీ?" అని అడిగారు. నా ఎరుకలో ఏ పీఆర్వో చేయని పని అది. చేరేది పిల్లైనా మాట్లాడాల్సింది తండ్రితో అన్నది ఈ వృత్తిలో ఓనమాలు. మా అమ్మాయి కూడా వెనకాముందూ చూడకుండా "చరిత్ర" అంది. ఆయన ఒక నిమిషం పాంప్లెట్ వైపు చూసుకున్నారు. ఎంపీసీ, బైపీసీ, మళ్లీ ఎంపీసీ. "మా దగ్గర హెచ్‌ఈసీ లేదమ్మా. గవర్నమెంటు కాలేజీలో ఉంటుంది, అక్కడ హిస్టరీ మేడమ్ బాగా చెప్తారు" అని, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారంటే సమస్య తీవ్రత అర్థం చేసుకోండి. నా శిక్షణ కళాశాల వస్తే మొదటి బ్యాచ్‌లో మొదటి సీటు ఆయనకే ఇప్పించాలని నిర్ణయించుకుని, పాంప్లెట్ మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. విషయమంతా చెప్పాను. మాస్టారు ఓపిగ్గా విన్నారు. చేరడానికి అభ్యంతరమేమీ లేదట.

"కాకపోతే ఒరిజినల్స్ అడుగుతారా సార్?" అన్నారు. "నావి మా కాలేజీ వాళ్ల దగ్గరున్నాయి. టార్గెట్‌కి ఇంకా పద్నాలుగు తక్కువున్నాయి."