చవకలో ఏనుగు తుపాకీ

అమెరికాలో మధ్యతరగతి మనిషి బాధలు ఎవరికీ పట్టవు. ఇంటి వాయిదాల గురించి, ఆసుపత్రి బిల్లుల గురించి, పిల్లల కాలేజీ ఫీజుల గురించి పత్రికలు రోజూ రాస్తూనే ఉంటాయి. రేపు ఆదివారం ఒహాయోలో ఓ ఉద్యోగి పెరట్లో గడ్డి కోసుకుంటుండగా పొదల్లోంచి ఆఫ్రికా దున్న ఒకటి తల దించుకుని మీదికొస్తే అతని గతేమిటన్నది మాత్రం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేదు.

డబ్బున్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు. వాళ్ల కోసం లండన్‌లో 1835 నుంచి హాలండ్ అండ్ హాలండ్ వాళ్లున్నారు. భుజం కొలతలు ఇచ్చి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, లక్ష పౌండ్ల పైన చెల్లిస్తే వాల్‌నట్ చెక్క మడమతో, ఉక్కు మీద చెక్కిన చిత్రాలతో డబుల్ రైఫిల్ వస్తుంది. లక్ష పౌండ్లంటే మన డబ్బుల్లో కోటి దాటింది. అంత పెట్టలేని సామాన్యుడు దున్న కొమ్ములకు బలి కావలసిందేనా అని జాలిపడి, ఇటలీ వాళ్లూ రష్యా వాళ్లూ చవక డబుల్ రైఫిళ్లు చేసి అమెరికాకు పంపారు. లండన్ ధరలో పదో వంతు, ఇరవయ్యో వంతు, ఒక్కోసారి నూరో వంతు. వీటిని కొనవచ్చునా, కూడదా అన్న జాతీయ సమస్యను ఎవరో ఒకరు తీవ్రంగా ఆలోచించాలి కాబట్టి ఈ వ్యాసం.

డబుల్ రైఫిల్ అంటే పక్కపక్కన రెండు గొట్టాలు, కింద రెండు ట్రిగ్గర్లు. బోల్ట్ రైఫిల్‌లో ఒక తూటా పేలాక బోల్ట్ వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ గురిచూడాలి. ఇందులో ఆ పని లేదు. వేలు ముందు ట్రిగ్గర్ నుంచి వెనక ట్రిగ్గర్‌కు జరిపితే చాలు. ఇరవై గజాల్లోకి వచ్చేసిన ఏనుగు ముందు ఆ తేడా ప్రాణం విలువ చేస్తుంది. మొదటి గుండు తప్పుతుందని ముందే ఒప్పుకుని, రెండో తప్పుకు కూడా ఏర్పాటు చేసుకున్న ఆయుధం ఇది. ఇంత వినయం ఉన్న యంత్రాలు తక్కువ.

దీనితో మనకూ కొంచెం చుట్టరికం ఉంది. ఒకప్పుడు లండన్ తుపాకీ కంపెనీలను పోషించినవాళ్లలో మన రాజులు, నవాబులు ముఖ్యులు. పులివేటలో హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు ఎంత మోగిందో తెలిసిందే. 1898లో లండన్ రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా తెచ్చింది (.450 అంటే గొట్టం అడ్డకొలత, రమారమి అంగుళాల్లో). ఏనుగు వేటగాళ్లందరూ దాని మీద పడ్డారు. సర్కారు వారి సైన్యం వాడిన పాత మార్టినీ-హెన్రీ తుపాకులదీ అదే .450 కొలత. ఈ తూటాలు తిరుగుబాటుదారుల చేతుల్లో పడితే తమ తుపాకులే తమ మీద పేలతాయని బెంగపడి, 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 తూటాలను నిషేధించింది. కంపెనీలు వెంటనే చట్టానికి తల వంచాయి. గొట్టం బోరును వెంట్రుకవాసి పెంచి .465, .470, .475 అంటూ కొత్త కొలతలు తీశాయి. సామ్రాజ్యాన్ని కూలదోయదలచినవాడు .470తో కాలిస్తే సామ్రాజ్యం కూలదని దొరల నమ్మకం కాబోలు. అలా పుట్టిన .470 ఇవాళ్టికీ డబుల్ రైఫిళ్లలో బాగా అమ్ముడుపోయే కొలత. అంటే చవక ఇటాలియన్ .470 కొన్న అమెరికావాడు తనకు తెలియకుండానే మన స్వాతంత్ర్య పోరాటపు మూలనున్న ఓ పాత ఉత్తర్వుకు వారసుడు.

ఇక అసలు విషయం. ఇంత ధర దేనికి? చెక్కకూ చెక్కుడుకూ కొంత పోతుంది, నిజమే. డబ్బంతా పోయేది రెండు గొట్టాల మధ్య సయోధ్యకు. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకీ పైకీ కుడివైపుకూ తన్నుతుంది. ఎడమ గొట్టం పేలితే ఎడమకు. గొట్టాలను సమాంతరంగా అతికిస్తే గుండ్లు చెరో దిక్కుకు పోతాయి. అందుకని కొసల దగ్గర గొట్టాలను కాస్త లోపలికి వంచి అతకాలి. ఎంత అన్నది కాగితం మీద తేలదు. పనివాడు రెండు గొట్టాల మధ్య చిన్న చీల పెట్టి, టంకం వేసి, కాల్చి చూస్తాడు. కుడిది ఓ చోట, ఎడమది ఓ చోట తగులుతాయి. మళ్లీ టంకం కరిగించి, చీల జరిపి, చల్లార్చి, మళ్లీ కాలుస్తాడు. యాభై గజాల దూరంలో రెండు గొట్టాల గుండ్లూ పక్కపక్కన పడేదాకా ఇదే పని. దీన్నే రెగ్యులేషన్ అంటారు. ఆస్తి తగాదా ఉన్న అన్నదమ్ములిద్దరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టే పెద్దమనిషి చేసే పని ఇది. అన్నదమ్ములు ఊరికే దొరుకుతారు, పెద్దమనిషికే ఖర్చు.

పైగా ఆ రాజీ ఒక్క రకం తూటాకే చెల్లుతుంది. గుండు బరువు, వేగం మారిస్తే రాజీ రద్దు. వేగం ఎక్కువైతే ఎడమవాడి గుండు కుడివాడి వాటాలోకి, కుడివాడిది ఎడమవాడి వాటాలోకి పోతాయి. వేగం తగ్గితే ఇద్దరూ విడిపోయి చెరో ఊరు వెళ్లిపోతారు.

చవక తుపాకీ ఎక్కడ చవకయిందో ఇప్పటికి పాఠకులకు అర్థమయ్యే ఉంటుంది. ఉక్కు తగ్గించలేదు, గొట్టాలు రెండూ ఉన్నాయి, బరువు కూడా ఐదు కిలోల దాకా ఉండనే ఉంది. తగ్గించింది పెద్దమనిషిని. కొన్నేళ్ల క్రితం అమెరికా షాపుల్లోకి వచ్చిన చవక ఇటాలియన్ రైఫిళ్లలో కొన్నింటి గొట్టాల కొసలు చూసి కొన్నవాళ్లు బిత్తరపోయారు. గొట్టం నోటి అంచును ఓ పక్క గీరేశారు. చీల జరిపి టంకం కరిగించే ఓపిక లేనప్పుడు ఇదో దొంగదారి. అంచు ఓ పక్క అరిగితే గుండు బయటికి వచ్చే క్షణంలో వెనకాల పొగ ఓ పక్కనే ముందుగా ఎగజిమ్మి గుండును పక్కకు నెడుతుంది. ఫ్యాక్టరీలో కాగితం మీద రెండు గుండ్లూ ఒకచోటే పడ్డాయి కదా, ఇక గొడవెందుకని వాళ్ల వాదన. నిజమే, దున్న వచ్చేటప్పుడు గొట్టం నోట్లోకి తొంగిచూడదు.

రష్యా వాళ్లు ఇంకా నిజాయితీపరులు. ఇజెవ్‌స్క్ నుంచి వచ్చిన బైకాల్ డబుల్ రైఫిల్ అమెరికాలో వెయ్యి డాలర్లకు కాస్త అటూఇటూగా దొరికేది. గొట్టాల కొసల మధ్య వాళ్లు చీలకు బదులు మర పెట్టారు. సర్దుబాటు కావాలా, నువ్వే తిప్పుకో అన్నారు. అంటే కొన్నవాడే పెద్దమనిషి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. తుపాకీ కూడా వెయ్యికే ఇచ్చి రష్యావాడు లెక్క సరిపెట్టాడు. అందులో వేసే .45-70 తూటాతో ఏనుగు దగ్గరికి పోవద్దని పెద్దలంటారు, అది వేరే సంగతి. 2014లో అమెరికా ఆంక్షలు పడ్డాక ఆ సరఫరా కూడా ఆగింది. ఉక్రెయిన్ గొడవలో పేద అమెరికన్ వేటగాడికి జరిగిన ఈ నష్టం గురించి ఐక్యరాజ్యసమితిలో ఎవరూ నోరెత్తలేదు.

తుపాకీ చవకే, తూటాలు కావు. .470 తూటా ఒక్కోటి ఏడెనిమిది డాలర్ల కన్నా తక్కువకు దొరకడం కష్టం. దాని తన్నుకు భుజం కమిలిపోతుంది. అందుకని చాలామంది కొన్నవాళ్లు పెట్టెలో నాలుగు తూటాలు కాల్చి, మిగతావి ఏనుగు కోసం దాచుకుంటారు. ఆ ఏనుగు టాంజానియాలోనో, జింబాబ్వేలోనో ఉంటుంది. అక్కడికి వెళ్లి ఓ దున్నను వేటాడాలన్నా పదివేల డాలర్లు దాటుతుంది. అంత ఖర్చుపెట్టి వెళ్లినవాడి పక్కన తప్పనిసరిగా అక్కడి వృత్తి వేటగాడు ఒకడు నిలబడతాడు. అతిథి గురి తప్పితే కాల్చేది అతనే. అంటే అతిథికి మూడో గొట్టం, నాలుగో గొట్టం కూడా జీతం మీద ఉన్నాయి. ఇన్ని గొట్టాల మధ్య తన రెండోది దేనికన్న ప్రశ్న ఎవరూ వెయ్యరు, మర్యాద కాదు.

నిజంగా ప్రమాదంలో బతికినవాళ్ల సంగతి వేరు. మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ దగ్గర .450/400 డబుల్ రైఫిల్ ఉంది, మీదికొచ్చే పులులకు దాన్నే నమ్మేవాడు. అయినా చౌగఢ్ ఆడపులి అడుగుల దూరంలో ఎదురైన రోజున ఆయన చేతిలో ఉన్నది .275 బోల్ట్ రైఫిల్, రెండో చేతిలో పక్షి గుడ్లు. ఒంటిచేత్తో కాల్చాడు, సరిపోయింది. అందరికీ గుడ్లు పట్టుకునే చెయ్యి అంత నిలకడగా ఉండదు కాబట్టి ఆఫ్రికాలో ఎక్కువమంది 1912 నాటి .375 తూటా వాడే మామూలు బోల్ట్ రైఫిల్ తీసుకెళతారు. రెండువేల డాలర్లకు అటూఇటూగా వస్తుంది, ఒక్కటే గొట్టం గనక తనతో తాను పోట్లాడుకోదు. ఈ మాట డబుల్ రైఫిల్ కొనదలచినవాడి దగ్గర అనకండి. స్నేహాలు చెడతాయి.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు ఇండియా నుంచి వచ్చిన చుట్టాలను షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి ఫొటోలు తీయించడం ఇప్పుడు ఆచారం. ఆ చుట్టాల్లో పలమనేరు, కుప్పం వైపు వాళ్లుంటే నవ్వొస్తుంది. నిజంగా ఏనుగు మీదికొచ్చేది వాళ్లకే. టమాటా తోట తొక్కేసిన గుంపును డప్పులతో, టపాకాయలతో తరమాలి. 2025లో అడవి ఏనుగులను తరమడానికి తర్ఫీదిచ్చిన కుంకీ ఏనుగులను కర్ణాటక నుంచి తెప్పించుకున్నారు. వేట మాత్రం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. తుపాకీ లైసెన్సు ఉన్నవాడికి కూడా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండు ఆయుధాలే. డబుల్ రైఫిల్ కొంటే ఒకటిగా లెక్కిస్తారా, రెండుగానా అని అడిగే తెలివైనవాడు మన కలెక్టరేట్లలో ఒకడైనా తగిలే ఉంటాడు. అటు ఏనుగున్నవాడికి తుపాకీ లేదు, ఇటు తుపాకీ ఉన్నవాడికి పెరట్లో ఉడుత కూడా సరిగా కనపడదు. ప్రపంచ వాణిజ్యం ఇలాగే నడుస్తుంది.

ఇంత చెప్పినా కొనే తీరతానంటే ఒక్కటి చేయండి. మర్యాదస్తుడైన తయారీదారు తుపాకీతో పాటు ఒక కాగితం పంపుతాడు. ఏ తూటాతో, ఎన్ని గజాల దూరంలో, ఏ గొట్టం గుండు ఎక్కడ పడిందో చూపే చిల్లుల కాగితం. షాపులో ముందు దాన్ని అడగండి. ఇచ్చినవాడికి డబ్బివ్వొచ్చు. లేదంటే, షాపువాడు కాస్త తటపటాయించి, ఇది అల్మారాలో పెట్టుకుంటే చాలా బాగుంటుంది సార్ అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు.