మహారాజశ్రీ దరఖాస్తు వ్యాసం గారికి

బిజినెస్ స్కూలు దరఖాస్తు వ్యాసం గారి దివ్య సముఖమునకు, కర్నూలు పాతబస్తీ నుంచి రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు ఒకడు రాసుకొను బహిరంగ లేఖ. ఉభయకుశలోపరి. ఇక్కడ తుంగభద్ర క్షేమం, హంద్రీ క్షేమం. తమరు మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి మా ఇంట్లో మాత్రం ఎవరికీ నిద్ర లేదు.

ముందుగా తమరి అదృష్టానికి అభినందనలు. బిజినెస్ స్కూళ్లలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష జీమ్యాట్. ఆ పరీక్ష వారు 2023లో దాన్ని కొత్తగా మలిచినప్పుడు అందులోని వ్యాస రచనను తీసేశారు. కాపలా మధ్య, గడియారం చూసుకుంటూ, ఎవరి బుర్రతో వారు రాసుకోవలసిన వ్యాసం పోయింది. ఇంట్లో కూర్చుని నెలల తరబడి రాసుకునేది, నాలాంటి మామలు చాటుగా దిద్దిపెట్టగలిగేది మిగిలింది. అభ్యర్థి అసలు స్వరూపం తెలిసేది తమరి వల్లనేనట. దిద్దినవాణ్ణి కనుక ఒప్పుకుంటున్నాను, అందులో కొంత స్వరూపం నాది.

తమరి కోరికలు కూడా చిన్నవి కావు. స్టాన్‌ఫర్డ్‌లో తమరు వేసే ప్రశ్న: మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది, ఎందుకు? నాకు అరవై నాలుగేళ్లు నిండాయి. జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాను. పాతికేళ్ల కుర్రవాడు మొదటి విడత గడువు లోపల తేల్చేయాలి. హార్వర్డ్‌లో ఒకప్పుడు 900 పదాల దాకా చోటిచ్చేవారు. 2024లో దాన్ని మూడు ముక్కలు చేశారు, 300, 250, 250. కొలంబియా వారైతే చదువయ్యాక చేయబోయే ఉద్యోగ లక్ష్యాన్ని 50 అక్షరాల్లో చెప్పమంటారు. పదాలు కావు, అక్షరాలు! మా లారీల వెనుక రాసే సూక్తులకు ఇంతకన్నా ఎక్కువ జాగా దొరుకుతుంది.

వైఫల్యం గురించి రాయమన్నప్పుడైతే తమరి చమత్కారం చెప్పనలవి కాదు. ఓటమి కావాలి కానీ అది చివరికి గెలవాలి. మా మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు తెచ్చి, కోత కూలి కూడా గిట్టక, గోతాలతో సహా వదిలేసి వెళ్లిన రైతు ఉంటాడు. ఈ ఓటమి నుంచి ఏమి నేర్చుకున్నావయ్యా అని ఆయన్ను అడిగి చూడండి. వచ్చే జవాబు 250 పదాల్లో పడుతుంది గానీ, అచ్చు వేయడానికి పనికిరాదు.

అసలు విషయానికి వస్తాను. మావాడు హైదరాబాదులో ఇలాంటి దరఖాస్తులకు దారి చూపే ఒక సలహాదారుకు రెండు నెలల జీతం సమర్పించుకున్నాడు. ఆయన సారాంశంగా చెప్పింది ఒక్కటే: “మేము” అనవద్దు, “నేను” అనాలి. ఇంగ్లీషులో ఆ “ఐ” ఎప్పుడూ పెద్దక్షరమే. వాక్యం మధ్యలో కొండారెడ్డి బురుజులా ఒంటరిగా నిటారుగా నిలబడుతుంది. తెలుగులో “వెళ్లాను” అంటే చాలు, “నేను” క్రియ చివర తలదాచుకుంటుంది. ముప్పై ఏళ్లు ఈ తేడాను పాఠంగా చెప్పి జీతం తీసుకున్నాను. ఇంత ఖరీదైనదని అప్పుడు తెలియదు.

ఇక నాయకత్వం తవ్వడం మొదలైంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం నేలకు కళ్లు అతికించుకుని తిరుగుతారే, అలా మావాడు తన పాతికేళ్ల బతుకును వెతికాడు. అక్కడైతే దొరకనివాడు మరుసటి ఏడాది మళ్లీ వస్తాడు. గాజుపెంకును సానబెట్టి వజ్రమని మాత్రం అనడు. మావాడికి ఆ వెసులుబాటు లేదు, గడువు ముంచుకొస్తోంది. చివరికి దొరికింది 2009 వరద.

ఆ అక్టోబరు 2 మాకు గాంధీ జయంతిగా గుర్తులేదు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. ఊళ్లో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా వీధుల్లోకి వచ్చాయి. అందరం మిద్దెలెక్కాము. నీళ్లు తీశాక నా పుస్తకాల అరలో బురద జానెడు మందాన ఉంది. మేనల్లుడికి అప్పుడు తొమ్మిదేళ్లు.

వాడి వ్యాసానికి నేను వ్యాకరణం దిద్దుతుంటే మా చెల్లెలు కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది. “ఏమి రాశాడన్నా వీడు? తెలుగులో చదువు” అంది. చదివాను. “ప్రళయం ముంచుకొచ్చిన ఆ రాత్రి నేను మా వీధి ప్రజలను సమీకరించి, పరిమిత వనరులను సమర్థంగా పంపిణీ చేశాను.” ఇంగ్లీషులో ఉన్నంతసేపు ఈ వాక్యం నన్ను ఏమీ అనలేదు. తెలుగులోకి దిగేసరికి నాకే ముఖం చెల్లలేదు.

“ఏ వీధి?” అని అడిగింది.

“మనదే” అన్నాడు వాడు, నేల చూస్తూ.

“వనరులంటే?”

“బియ్యం.”

“అవి ఎదురింటి అవ్వ మూటలోవి కదరా. అవ్వను రెండు చీరలు ముడివేసి మిద్దె మీదికి లాగింది నేనూ పక్కింటి వాళ్లూ. నువ్వు గోళీల డబ్బా నీళ్లలో పోయిందని తెల్లవార్లూ ఏడ్చావు.”

గోళీల సంగతి కూడా వ్యాసంలో ఉంది. వ్యక్తిగత నష్టాన్ని దిగమింగి నిలబడ్డ సందర్భంగా.

“మరి నేనెక్కడున్నానన్నా ఇందులో?” అని అడిగింది చెల్లెలు. నాకు అర్థమైనంతవరకు ఆమె పరిమిత వనరుల కింద వస్తుంది. ఆ మాట చెప్పే ధైర్యం లేక కాఫీ తాగాను.

వాడు చెడ్డవాడు కాడు. ఆ మాటకు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇప్పుడే మారుస్తాను మామా” అని కూర్చున్నాడు. ఒక్కొక్క పదమే లెక్కబెట్టుకున్నాడు. తమరి పరిమితి 250, అప్పటికే 248 ఉన్నాయి. ఏది తీసేద్దామన్నా సలహాదారు రంగు పూసి ఉంచిన మాటే. నాయకత్వం తీయకూడదు, ప్రభావం తీయకూడదు, సమీకరించానన్నది అసలు ముట్టుకోకూడదు.

రాత్రి పదకొండు దాటింది. మా చెల్లెలికి తమరు మిగిల్చింది రెండు పదాల జాగా. “మా అమ్మ” అని రాసి, తరువాత ఏమి రాయాలో తోచక, ఆ రెండు మాటలనే చూస్తూ కూర్చుని ఉన్నాడు.

ఇట్లు,
వ్యాకరణం మాత్రమే దిద్దిన మామ,
కర్నూలు.