కల్యాణి డ్యాం దేవుడిచ్చిన సరస్సు కాదు

ఇందాక మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన వీడియో పెట్టాడు. కల్యాణి డ్యాం మీద డ్రోన్‌తో తీసింది. చుట్టూ శేషాచలం కొండలు, మధ్యలో నిండా నీళ్లు. కింద "మన తిరుపతికి దేవుడిచ్చిన సరస్సు" అని రాత. వరసగా దండాలు, హార్ట్ గుర్తులు. అది నదికి అడ్డం కడితే నిలిచిన నీళ్లండీ అని రాశాను. "వదిలెయ్ సామీ, ఆదివారం పూట క్లాసులెందుకు" అన్నారు. ఎందుకు వదలాలి?

స్వర్ణముఖిలో కలిసే కల్యాణిని కొండల దగ్గరే ఆపి 1977లో ఆ డ్యాం కట్టారు. తిరుపతి తాగడానికి, పైన తిరుమల తాగడానికి. లెక్కలు వేసిన ఇంజనీర్లున్నారు, ఎండలో చెమటోడ్చిన కూలీలున్నారు. వాళ్లెవరూ లేనట్టు మొత్తం దేవుడి ఖాతాలో రాసేస్తే ఎట్లా? వానలు మొహం చాటేసిన ఏడు అక్కడికి వెళ్లి చూడండి. నీళ్లు అడుగుకు పోయి, ఒండ్రుమట్టి పెంకుల్లా బీటలు వారి ఉంటుంది. అప్పుడు ఎవరూ వీడియో తీయరు.

పైగా మనం తాగేది కల్యాణి ఒక్కటే కాదు. శ్రీశైలంలో ఆపిన కృష్ణ నీళ్లు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటుకుని తెలుగుగంగ కాలువలో శ్రీకాళహస్తి దాకా వస్తే, అక్కడి కైలాసగిరి రిజర్వాయర్ నుంచి తిరుపతికి తెస్తున్నారు. ఈ మాట అనగానే గ్రూపులో ఇంకొకాయన, "మన నీళ్లన్నీ మద్రాసుకు దోచిపెట్టారు" అని మొదలుపెట్టాడు. ఏ ఎండాకాలమైనా ఇదే పాట. మద్రాసుకు ఒప్పుకున్నది 15 టీఎంసీలు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకున్నాయి. మద్రాసు దాహం కోసం ఆ కాలువ తవ్వబట్టే మన కొళాయిలోకీ ఆ నీళ్లు వస్తున్నాయి.

దోచుకోవడం గురించి మాట్లాడాలంటే శ్రీశైలం గురించి మాట్లాడండి. 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. కదలనివాళ్ల ఇళ్లు కూల్చారు. మా పెద్దమ్మ కోడలు ముంపు ఊరి ఆడపడుచు. కూల్చేవాళ్లు రాకముందే వాళ్ల నాన్న వీధి వాకిలి ద్వారబంధం ఊడదీసి, ఎద్దుల బండి మీద ఆత్మకూరుకు తోలుకొచ్చాడు. టేకుది, గడప మీద పసుపు ఇంకా అట్లాగే ఉందంట. కొత్త ఇల్లు కట్టి దాన్ని నిలబెట్టాలని ఆశ. వచ్చిన పరిహారం స్థలానికే సరిపోలేదు. ద్వారబంధం పెరటి గోడకు ఆనించి ఉండి ఉండి చివరికి చెదలు పట్టింది. వదిన ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడేమో శ్రీశైలం డ్యాంలో నీళ్లు తగ్గగానే, అందులో మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడిందని జనం పరిగెత్తుతారు. పడవలో పోయి, దండం పెట్టుకుని, ఫొటో దిగి వస్తారు. మంచిదే, నేనూ దండం పెడతాను. కానీ ఆ నీళ్ల కింద గుడి ఒక్కటే లేదు. బావులున్నాయి, పొలాలున్నాయి, తాతముత్తాతల సమాధులున్నాయి. ఆ ఊళ్ల పేర్లు ఒక్క వీడియోలోనైనా చెప్పారా?

ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామని 1986లో జీవో 98 ఇచ్చారు. కాలువల మీద నీళ్లు చూసుకునే చిన్న లష్కర్ ఉద్యోగం కోసం మనుషులు దరఖాస్తు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ముసలివాళ్లయిపోయారు. కొందరు పోయారు కూడా. వాళ్ల నీళ్లు తాగుతున్న ఊరివాళ్లం మనం. కల్యాణి అందం గురించి రాసే ప్రతి ఒక్కరూ దీని గురించి కూడా ఒక ముక్క రాయండి. మిగిలినవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఆ ఉద్యోగాలు ఇవ్వమని గట్టిగా అడగండి.