ఆ రాయిలో ఉన్నది చెప్పు జాడ కాదు

“అమెరికాలో 50 కోట్ల ఏళ్ల నాటి రాయిలో చెప్పు ముద్ర దొరికింది. మడమ కింద ట్రైలోబైట్ నలిగి ఉంది. అంటే అప్పటికే మనుషులున్నారు. శాస్త్రవేత్తలు ఈ సంగతి దాచిపెట్టారు.” ఈ మాటలతో ఒక ఫొటో ఏళ్ల తరబడి తిరుగుతోంది. ట్రైలోబైట్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన, పెంకున్న సముద్రపు జీవి.

రాయి నిజమైనదే. 1968లో విలియం మైస్టర్ అనే ఆయన యూటా రాష్ట్రంలో, డెల్టా అనే ఊరికి పడమర ఉన్న ఆంటిలోప్ స్ప్రింగ్ దగ్గర శిలాజాలు వెతుకుతూ ఒక పలకను సుత్తితో కొట్టారు. అది పుస్తకంలా రెండుగా తెరుచుకుంది. లోపల ఈ ఆకారం కనిపించింది. అంతవరకు పేచీ లేదు.

అది చెప్పు ముద్రేనా? మనిషి నడిస్తే కుడి, ఎడమ అడుగులు వరసగా, దాదాపు సమాన దూరంలో పడతాయి. టాంజానియాలోని లేటోలిలో సుమారు 36 లక్షల ఏళ్ల నాటి అడుగులు అలాగే వరసగా ఉన్నాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే ముద్ర, దానికి జత లేదు. పైగా మడమ గీత అంటున్నది ముద్ర అంచు దాటి బయటికీ సాగిన పగులు. వీలర్ షేల్ అనే ఈ రాయి పొరలు పొరలుగా విడిపోతుంది, పెచ్చులు ఊడినచోట గుండ్రంగా, కోలగా గుంటలు పడతాయి. వాటిలో ఒకటి చెప్పు ఆకారంలో ఉండటం వింతేమీ కాదు.

అసలు ఆ చోటు ఏమిటన్నది ఎవరూ అడగకపోవడమే నాకు బాధగా ఉంటుంది. అది ఒకప్పటి సముద్రపు అడుగు. ఒండ్రు మెత్తగా పేరుకున్న, ప్రాణవాయువు చాలా తక్కువగా ఉన్న లోతు నీరు. చాలా జీవులు బతకలేని ఆ చోట ఎల్రాథియా కింగీ అనే ట్రైలోబైట్ మాత్రం గుంపులు గుంపులుగా బతికింది. చాలావరకు బొటనవేలి గోరంత ఉండే జీవి. చెప్పులేసుకున్న మనిషి అక్కడ నడవాలంటే సముద్రపు అడుగున నడవాలి.

“నలిగిపోయింది” అంటున్నారు కదా. ట్రైలోబైట్లు కూడా రొయ్యలు, పీతల్లాగే పెరిగేకొద్దీ పైపెంకు విడిచేవి. రొయ్యల చెరువున్న ఎవరికైనా ఆ డొల్లలు తెలుసు. విడిచిన పెంకు ముక్కలైనా, పైన పడ్డ మట్టి బరువుకి అణిగినా విరిగినట్టే కనిపిస్తుంది. అలాంటివి ఆ పలకల్లో కొల్లలు. వాటికి కాలు తగలనక్కర్లేదు.

దాచిపెట్టడం మాటకొస్తే, యూటా విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త విలియం లీ స్టోక్స్ ఆ రాయిని స్వయంగా చూశారు. దాన్ని పాదముద్రగా ఎందుకు ఒప్పుకోలేమో మైస్టర్‌కే వివరించారు. జత అడుగులు ఏవి అని అడిగిందీ ఆయనే.

మనిషికీ ఈ జీవికీ ఆ నేలమీద నిజంగానే సంబంధం ఉంది. అది రాయిగా మారిన కోట్ల ఏళ్లకు అక్కడి యూట్ తెగవాళ్లు దాన్ని ఏరి, బెజ్జం వేసి, రక్షగా మెడలో కట్టుకున్నారు. వాళ్లు దానికి పెట్టుకున్న పేరుకు అర్థం, రాతి ఇంట్లో ఉండే చిన్న నీటి పురుగు అని.