కొండెక్కిన ఫ్రిజ్

పాడేరు ఏజెన్సీలో ఒక ఆరోగ్య కేంద్రం గోడ మీద షుగర్ రోగుల కోసం మాంచి రంగుల పోస్టర్ అతికించారు. స్పోర్ట్స్ షూ వేసుకున్న దంపతులు పార్కులో నవ్వుతూ నడుస్తుంటారు, కింద ‘రోజూ అరగంట నడవండి’ అని. దాని కింద బెంచీ మీద కూర్చున్న పెద్దాయన తెల్లారకముందే బయల్దేరి, గెడ్డ దాటి, కొండ దిగి వచ్చాడు. ఆయనకి నడక విలువ తెలియజెప్పిన ఘనత మన ఆరోగ్య శాఖదే, కాదనలేం. తిరిగి ఎక్కేటప్పుడు కాస్త చెమట పట్టేలా ఎక్కమని కూడా రాసుంటే బాగుండేది.

రెండో సూచన, ‘తెల్లన్నం తగ్గించి చిరుధాన్యాలు తినండి.’ వీళ్ల తాతలు పోడు మీద చోళ్లు, సామలు, కొర్రలే పండించి అంబలి తాగిన మనుషులు. రేషన్ డిపోలో పాలిష్ బియ్యం పోసి అన్నానికి అలవాటు చేసింది మనమే. 2023ని చిరుధాన్యాల సంవత్సరమన్నారో లేదో, ఆ సామలే విశాఖ సూపర్ మార్కెట్లో ప్యాకెట్లెక్కి కూర్చున్నాయి. పండించినవాడు సంతలో అమ్ముకుని డిపో బియ్యం వండుకుంటాడు, మనం అవి కొనుక్కుని ఆయనకి సలహా ఇస్తాం.

మూడోదే అసలు రత్నం: ‘ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో భద్రపరచండి.’ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలట. శాస్త్రం చెప్పాక తప్పదు కదా, అందుకే గూడేనికో ఫ్రిజ్ పథకం పెట్టాలని నా మనవి. రోడ్డు ఆగిపోయిన చోట లారీలోంచి దించి, డోలీ కట్టి, నలుగురు భుజానికెత్తుకుంటారు. ‘నిలువుగా పట్టుకోండ్రా, పడుకోబెడితే గ్యాస్ పోద్ది’ అని వెనకనుంచి సూపర్‌వైజర్ అరుస్తుంటాడు. గెడ్డ మధ్యలో డోరు తెరుచుకుని గ్యారంటీ కార్డు నీళ్లలో కొట్టుకుపోతుంది. పైన కొబ్బరికాయ, రిబ్బను, ఫొటో అన్నీ అయ్యాక ప్లగ్గు పెడితే కరెంటు ఉండదు, లైన్‌మన్‌కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ ఆ పక్క కొండ మీద చింతచెట్టు కిందే దొరుకుతుంది. చివరికి ఎలకలు పడకుండా డిపో బియ్యం అందులో దాచుకుంటారు. మోసినవాళ్లు ఉత్త చేతులతో దిగడమెందుకని, అదే డోలీలో కాలు కుళ్లిన ఒక ఆడమనిషిని పడుకోబెట్టి కిందికి దింపుతారు.

ఆ డోలీ మాత్రం నా కల్పన కాదు. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. చెప్పుల్లేని కాలికి ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి పుండు, ఆ తర్వాత రోడ్డున్నంత వరకే వచ్చే 108. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఇన్సులిన్ కాస్త చల్లగా ఉంటుందని, వాడుతున్న సీసా అలా కొన్ని వారాలు నిలుస్తుందని ఇక్కడి గిరిజనులు మాట్లాడే కువి భాషలో చెప్పే మనిషిని పెట్టడానికి ఏం అడ్డొచ్చింది? మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష సికిల్ సెల్ ఉన్నవాళ్లలో, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లలో, తప్పు చూపించొచ్చు. గిరిజనుల్లో ఆ జబ్బు ఎక్కువని 2023లోనే జాతీయ మిషన్ పెట్టుకున్నాం కదా, మరి ఈ షుగర్ కాగితం ఆ మిషన్ కాగితంతో ఎప్పుడు మాట్లాడుకుంటుంది?

ఇవన్నీ ఒక ఎత్తు. మాత్రలు అయిపోయాయని ఒకరోజు కూలి వదులుకుని దిగొస్తే ‘స్టాకు రాలేదు, వచ్చేవారం రా’ అంటారు. వచ్చేవారమూ అదే మాట. మూడోసారి ఆ మనిషి రాకపోతే రిజిస్టర్లో ‘రోగి సహకరించడం లేదు’ అని ఎర్ర ఇంకుతో రాసేస్తారు. సిగ్గుండాలి! సహకరించనిది ఎవరయ్యా? కొండ దిగినవాడా, బీరువా ఖాళీగా పెట్టుకుని కూర్చున్నవాడా? ఆ రాసే చేత్తోనే పక్కన ఇంకో గడి గీసి, ఆ రోజు ఆసుపత్రిలో మాత్రలు ఉన్నాయో లేదో కూడా రాసి, కింద సంతకం పెట్టమనండి.